ఉద్యోగం చేస్తూ వర్చువల్ అసిస్టెంట్ పని: త్వరగా అయ్యేదేమిటి, కానిదేమిటి

వర్చువల్ అసిస్టెంట్ అనగానే ఇప్పుడు చాలామందికి ఫోన్‌లోని గొంతు గుర్తొస్తుంది. 2011లో ఐఫోన్‌తో సిరి, 2014లో అలెక్సా వచ్చాక ఆ పేరు యంత్రాల ఖాతాలోకి వెళ్లిపోయింది. వాటికంటే ముందు నుంచే ఆ పేరుతో పనిచేస్తున్న మనుషులు ఉన్నారు. ఎక్కడో కూర్చుని ఇంకెక్కడో ఉన్నవాళ్ల మెయిల్స్ చూసిపెడతారు, మీటింగులు కుదురుస్తారు, ఇన్‌వాయిస్‌లు పంపుతారు, చెల్లాచెదురుగా పడి ఉన్న ఫైళ్లు సర్దిపెడతారు. ఈ వ్యాసం ఆ మనుషుల గురించి. అందులోనూ పగలు ఒక ఉద్యోగం చేసుకుంటూ, మిగిలిన టైములో ఈ పని పట్టుకోవాలని చూస్తున్నవాళ్ల కోసం.

ఈ విషయంలో దొరికే సలహాలు వింటే బుర్ర తిరుగుతుంది. ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ ఉంటే చాలు, ఈ శని ఆదివారాల్లోనే మొదలుపెట్టేయమని కొందరు అరచేతిలో వైకుంఠం చూపిస్తారు. ప్రొఫైల్ పెట్టి నెలలు గడిచినా ఒక్క క్లయింటూ పలకలేదని ఇంకొందరు నిట్టూరుస్తారు. తమాషా ఏమిటంటే ఇద్దరూ నిజమే చెబుతున్నారు. షాపు తెరవడానికి నిజంగానే ఒక్క రోజు చాలు. సరుకు కొనక్కర్లేదు, గది అద్దెకు తీసుకోనక్కర్లేదు, ఏ పరీక్షా రాయక్కర్లేదు. కానీ ముఖం కూడా చూడని మనిషి "నా ఇన్‌బాక్స్ మీరు చూసుకోండి" అనాలంటే మీ మీద గురి కుదరాలి. అది రెండు రోజుల్లో కుదిరేది కాదు.

అలాగని త్వరగా మొదలుపెట్టడం కుదరదని కాదు. అంత నమ్మకం అడగని పనితో మొదలుపెడితే కుదురుతుంది. మొదటి పనిగా దేన్ని ఎంచుకున్నారన్న దాన్ని బట్టే వారంలో మొదలవుతుందా, ఏడాది ఈడుస్తుందా అన్నది తేలుతుంది. వెబ్‌సైట్, లోగో, వ్యాపారానికి మంచి పేరు, ఇవన్నీ ఆ తర్వాతి ముచ్చట. ఒక్క క్లయింటూ లేకుండా పేరు కోసం తల బద్దలు కొట్టుకోవడాన్నే మనవాళ్లు "ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నారు. నేనూ ఒక వారం ఆ సోమలింగం పనిలోనే ఉన్నాను. అప్పుడు కొన్న డొమైన్ ఇప్పటికీ ఖాళీగానే పడుంది.

గడియారం పనులు, గడువు పనులు

ఈ పనుల జాబితాలను మామూలుగా రంగాల వారీగా ఇస్తుంటారు: ఆఫీసు పనులు, కస్టమర్ సపోర్ట్, సోషల్ మీడియా, లెక్కలు, ఆన్‌లైన్ దుకాణాల నిర్వహణ, పాడ్‌కాస్ట్ పనులు అంటూ. పూర్తి టైము పెట్టేవాళ్లకు అది పనికొస్తుందేమో. ఉద్యోగం ఉన్నవాళ్లు వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఈ పని ఫలానా గంటకే చేయాలా, లేక ఫలానా రోజులోపు ఎప్పుడు చేసినా సరిపోతుందా?

లైవ్ చాట్‌లో కస్టమర్లకు జవాబివ్వడం గడియారం పని. ఫోన్లు ఎత్తడం, మీటింగులో కూర్చుని నోట్స్ రాయడం, ప్రయాణంలో ఉన్న క్లయింట్‌కు ఫ్లైట్ రద్దయితే అప్పటికప్పుడు ఇంకోటి వెతికిపెట్టడం, ఇవన్నీ అంతే. మీరు వేరే ఆఫీసులో కూర్చుని ఉండగానే ఇవి వచ్చి మీద పడతాయి. ఇక పాడ్‌కాస్ట్ ఎపిసోడ్‌కు నోట్స్ తయారుచేయడం, నెలాఖరు రసీదులు వరుసలో పెట్టడం, రెండేళ్లుగా ఎవరూ ముట్టని కాంటాక్టుల షీట్‌లో ఒకే పేరు మూడుసార్లు ఉంటే ఏరేయడం, వచ్చే వారం పోస్టులు షెడ్యూల్ చేయడం, ముగ్గురు సప్లయర్ల వివరాలు పోల్చి ఒక పేజీలో పెట్టడం గడువు పనులు. శుక్రవారానికి అందితే చాలు, మీరు రాత్రి 10కి చేశారా, తెల్లవారుజామున 5కి చేశారా అని ఎవరూ అడగరు.

ఉద్యోగంతో పాటు నడిచేవి గడువు పనులే. గడియారం పని ఒక్కటి ఒప్పుకున్నా రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే. అవతల క్లయింట్ దేశంలో పగలు, ఇక్కడ రాత్రి కాబట్టి సరిపోతుందిలే అనుకునేవాళ్లు ఉన్నారు. మొదటి వారం సరిపోతుంది. మూడో వారానికి నిద్ర చాలక, పగటి ఉద్యోగంలో తప్పులు మొదలవుతాయి.

క్యాలెండర్ చూసుకునే పని సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అది చూడ్డానికి గడువు పనిలా ఉంటుంది, లోపల గడియారం దాగి ఉంటుంది. నాకు బాగా గుర్తున్న పొరపాటు ఇదే. న్యూయార్క్‌లో ఉన్న ఒక క్లయింట్‌కు, లండన్‌లోని ఆయన సప్లయర్‌కు మధ్య మీటింగ్ కుదర్చమన్నారు. న్యూయార్క్‌లో ఉదయం 10 అంటే లండన్‌లో మధ్యాహ్నం 3. ఆ 5 గంటల తేడా నోటికి వచ్చేసింది కాబట్టి క్యాలెండర్ ఇన్వైట్ పంపకుండా మెయిల్‌లో చేత్తో రాసి పంపేశాను. మీటింగ్ మార్చి రెండో ఆదివారం దాటాక వచ్చిన మంగళవారం. క్లయింట్ 10 గంటలకు వచ్చి కూర్చున్నారు. లండన్ మనిషి సరిగ్గా నేను రాసిన 3 గంటలకే వచ్చారు. అప్పటికి న్యూయార్క్‌లో 11 అయింది.

జరిగిందేమిటంటే, అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుగుతాయి, బ్రిటన్‌తో సహా యూరప్‌లో మార్చి చివరి ఆదివారం జరుగుతాయి. ఆ మధ్యలో రెండు మూడు వారాలు న్యూయార్క్, లండన్ మధ్య తేడా 5 కాదు, 4 గంటలే. మళ్లీ యూరప్ అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి వస్తుంది, అమెరికా నవంబరు మొదటి ఆదివారం వస్తుంది. అక్కడ ఇంకో వారం ఇదే తంటా. అరిజోనాలో చాలా భాగం అసలు గడియారమే జరపదు. అందుకని ఇప్పుడు నేను చేత్తో టైము లెక్కేసి రాయడం మానేశాను. ఊరి పేరుతో క్యాలెండర్‌లో పెట్టి ఇన్వైట్ పంపితే ఎవరి గడియారం ప్రకారం వాళ్లకు అదే చూపిస్తుంది. మెయిల్‌లో రాయక తప్పకపోతే "న్యూయార్క్ టైమ్ 10" అని ఊరి పేరుతో రాస్తాను. ఈఎస్‌టీ (ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్) అని పొడి అక్షరాలు రాస్తే వేసవిలో అదీ తప్పే, అప్పుడు అక్కడ నడిచేది ఈడీటీ (ఈస్టర్న్ డేలైట్ టైమ్).

క్లయింట్ తిట్టలేదు. కానీ ఆ తర్వాత మూడు వారాలు ప్రతి మీటింగుకూ ముందు "టైము ఒకసారి చూశారు కదా?" అని మెసేజ్ పెట్టేవారు. తిట్టుంటే బాగుండేదనిపించింది.

ఎన్ని తాళంచెవులు అడుగుతుంది

రెండో జల్లెడ ఇది. ఈ పని చేయడానికి క్లయింట్ మీ చేతిలో ఏం పెట్టాలి? ఒక ఆడియో ఫైలా, ఒక షీటా, మొత్తం ఇన్‌బాక్సా, బ్యాంకు ఖాతానా? అడిగే తాళంచెవి చిన్నదయ్యేకొద్దీ "సరే" అన్న మాట త్వరగా వస్తుంది. ఆడియో ఫైల్ పంపడానికి క్లయింట్ రెండు నిమిషాలు ఆలోచిస్తాడు. ఇన్‌బాక్స్ ఇవ్వడానికి రెండు నెలలు ఆలోచించినా తప్పులేదు, మీరైనా అంతే కదా.

కాబట్టి త్వరగా మొదలుపెట్టాలంటే గడువుకు కట్టుబడిన పని, చిన్న తాళంచెవి అడిగే పని, రెండూ కలిసిన చోట మొదలుపెట్టాలి. పాడ్‌కాస్ట్ నోట్స్, షీట్ల శుభ్రం, స్లైడ్లు సర్దడం, సమాచారం వెతికి ఒక పేజీలో పెట్టడం, వెబ్‌సైట్‌లో పోస్టులను డ్రాఫ్టుగా ఎక్కించి పెట్టడం ఈ గదిలోకి వస్తాయి. ఇవేవీ గొప్పగా వినిపించవు. "ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్" అంటే వచ్చే బరువు వీటికి లేదు. కానీ ఇన్‌బాక్స్ దాకా తీసుకెళ్లే మెట్లు ఇవే.

ఇన్‌బాక్స్ దాకా వచ్చాక కూడా పాస్‌వర్డ్ తీసుకోకండి. ఇది ఎంత చెప్పినా తక్కువే. జీమెయిల్‌లో డెలిగేషన్ అని ఒక సదుపాయం ఉంది. క్లయింట్ తన సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీ జీమెయిల్ అడ్రస్‌ను చేరిస్తే, మీ ఖాతాలోంచే ఆయన మెయిల్ చదవగలరు, జవాబివ్వగలరు, తీసేయగలరు. పాస్‌వర్డ్ మాత్రం మార్చలేరు, ఆయన పేరుతో చాట్ చేయలేరు. ఆ ఆహ్వానాన్ని మీరు వారంలోపు ఒప్పుకోవాలి, లేకపోతే అది చెల్లదు. ఒప్పుకున్నాక కూడా పని మొదలవడానికి ఒక్కోసారి 24 గంటలు పడుతుంది. ఇది తెలియక మొదటి రోజే "నాకు కనిపించడం లేదండీ" అని ఇద్దరూ టెన్షన్ పడుతుంటారు. గూగుల్ క్యాలెండర్‌ను కూడా విడిగా షేర్ చేయొచ్చు, చూడ్డానికి మాత్రమేనా, మార్చడానికి కూడానా అని విడివిడిగా అనుమతులుంటాయి. ఈ ఏర్పాటు లేని సర్వీసులకు పాస్‌వర్డ్ మేనేజర్ ద్వారా పంచుకోవాలి, బిట్‌వార్డెన్ లాంటివి అందుకే ఉన్నాయి. పాస్‌వర్డ్‌ను చాట్‌లో పంపే క్లయింట్ ఉంటాడు. ఆ మెసేజ్ తీసేయమని, పాస్‌వర్డ్ మార్చుకోమని, డెలిగేషన్ పెట్టమని మీరే చెప్పండి. ఆ ఒక్క మాటతో మీ మీద గౌరవం పెరుగుతుంది. రేపు ఏదైనా తేడా వస్తే వేలు మీ వైపు చూపించే అవకాశమూ తగ్గుతుంది.

క్లయింట్ కస్టమర్లలో యూరోపియన్ యూనియన్ మనుషులుంటే ఇంకో సంగతి కలుస్తుంది. 2018 మే 25 నుంచి అక్కడ అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం లెక్కలో, వాళ్ల పేర్లు, మెయిల్ అడ్రసులు క్లయింట్ తరఫున చూసే మీరు "ప్రాసెసర్" అవుతారు. ఆ చట్టం 28వ ఆర్టికల్ ప్రకారం దానికి రాతపూర్వక ఒప్పందం ఉండాలి. పెద్ద క్లయింట్లయితే కాగితం వాళ్లే పంపుతారు. పంపితే కంగారు పడకండి, చదివి సంతకం పెట్టండి.

మొదటి క్లయింట్ ఎక్కడ దొరుకుతాడు

చాలామంది నేరుగా, పని ఇచ్చేవాళ్లనూ చేసేవాళ్లనూ కలిపే పెద్ద ప్లాట్‌ఫామ్‌లకు వెళ్తారు. ఎలాన్స్, ఓడెస్క్ అనే రెండు సైట్లు కలిసిపోయాక 2015లో అప్‌వర్క్ అన్న పేరు వచ్చింది. అక్కడ పనులకు మీరు దరఖాస్తు పెట్టాలి, దానికి కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చవుతాయి. 2010లో వచ్చిన ఫైవర్ పద్ధతి తిరగేసినట్టు ఉంటుంది, మీరు మీ సేవను సరుకులా పెట్టి కూర్చుంటే కొనేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. మొదట్లో ఏ పనైనా 5 డాలర్లే, ఆ పేరు అలా వచ్చిందే. రెండూ పనిచేస్తాయి. కానీ రెండుచోట్లా పాత రివ్యూలు ఉన్నవాళ్లే ముందు కనిపిస్తారు. కొత్తవాళ్లకు మిగిలేది రేటు తగ్గించుకోవడం ఒక్కటే. ఉద్యోగం చేసి అలసిపోయాక రాత్రిపూట అరవై దరఖాస్తులు రాసే ఓపిక ఎవరికుంటుంది?

మీ పేరు ముందే తెలిసినవాళ్ల దగ్గర మొదలుపెట్టడం నయం. పాత సహోద్యోగి సొంతంగా కన్సల్టింగ్ పెట్టుకుని ఉండొచ్చు. మీరు పాఠం నేర్చుకున్న ట్యూటర్, మీకు తెలిసిన ఫొటోగ్రాఫర్, మీరు వినే పాడ్‌కాస్ట్ నడిపే మనిషి కావచ్చు. వాళ్లకు "నేను వర్చువల్ అసిస్టెంట్‌ని, ఏ పనున్నా చెప్పండి" అని రాస్తే జవాబు రాదు. ఏ పనుందో ఆలోచించి చెప్పడం కూడా వాళ్లకు ఒక పనే, ఉన్న పనులకే దిక్కు లేదు. వాళ్ల దగ్గర ఏది ఆగిపోయి ఉందో మీరే చూసి, దాన్ని పట్టుకుని రాయండి. ఇలా:

"నమస్తే అండీ. మీ పాడ్‌కాస్ట్ చివరి నాలుగు ఎపిసోడ్లూ విన్నాను. వీడియోల కింద చాప్టర్లు లేవు, అతిథులు ప్రస్తావించిన లింకులు కూడా లేవు. చివరి ఎపిసోడ్‌కు రెండూ తయారుచేసి ఈ ఫైల్‌లో పెట్టాను, వాడుకోండి, దీనికి డబ్బేమీ వద్దు. వారం వారం ఇదే పని, మీరు ఆడియో పంపిన 48 గంటల్లో చేసి ఇవ్వగలను. నాకు పగలు ఉద్యోగం ఉంది కాబట్టి ఫోన్లో దొరకను, మెయిల్స్‌కు రాత్రి జవాబిస్తాను. నచ్చితే ఒక నెల చూద్దామా?"

ఉద్యోగం సంగతి దాచొద్దు. దాచితే మొదటి వారంలోనే మధ్యాహ్నం 2 గంటలకు ఫోన్ వస్తుంది. ముందే చెబితే ఒప్పుకునేవాళ్లే ఒప్పుకుంటారు, వాళ్లే మీకు కావాల్సినవాళ్లు.

చాప్టర్లంటే వీడియోలో ఏ విషయం ఎక్కడ మొదలవుతుందో చూపించే భాగాలు, పెద్ద విద్యేమీ కాదు. వివరణలో టైములు రాస్తే యూట్యూబ్ వాటిని చాప్టర్లుగా మారుస్తుంది. కాకపోతే మొదటి టైము కచ్చితంగా 0:00 అయి ఉండాలి, కనీసం మూడుండాలి, ఒక్కోటీ 10 సెకన్లకు తగ్గకూడదు. ఆ మొదటి 0:00 పెట్టకపోవడం వల్ల చక్కగా రాసిన జాబితా ఉత్త అక్షరాలుగా మిగిలిపోయిన వీడియోలు బోలెడు కనిపిస్తాయి. ఇలాంటి చిన్న సంగతులు పది తెలిసి ఉండటమే ఈ వృత్తిలో నైపుణ్యం. దానికోసం ఖరీదైన కోర్సులు కొనక్కర్లేదు. ఆయా టూల్స్ సహాయం పేజీలు ఉచితంగానే ఉన్నాయి, చదివేవాళ్లే తక్కువ.

ఎవరూ అడగకుండానే ఒక నమూనా చేసి చూపించడం మీ ఇష్టం. క్లయింట్ అడిగి వారం రోజులు ఉచితంగా చేయించుకోవడం వేరు. "ట్రయల్" అన్న మాట వస్తే చిన్నదైనా సరే డబ్బులిచ్చే ట్రయల్ అడగండి. దానికి మొహం చాటేసేవాళ్లు ఆ తర్వాత ఇన్‌వాయిస్‌కూ చాటేస్తారు.

ఏఐ వచ్చాక ఇంకా ఎవరిస్తారు ఈ పనులు అన్న ప్రశ్న సహజం. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి మొదటి డ్రాఫ్టు, మాటల్ని అక్షరాల్లో పెట్టే ముడి ట్రాన్‌స్క్రిప్ట్ నిమిషాల పని అయ్యాయి, కేవలం టైపింగ్ అమ్ముకుందామంటే కష్టమే. మిగిలింది ఏమిటంటే, ఆ ట్రాన్‌స్క్రిప్ట్‌లో అతిథి ఇంటిపేరు తప్పు పడిందని పట్టుకునే కన్ను, ఏ లింకు చచ్చిపోయిందో నొక్కి చూసే వేలు, గడువు రోజున అడగకుండానే పని అందించే మనిషి. ఏఐని మీరూ వాడొచ్చు. క్లయింట్ మెయిల్స్ అందులో అతికించే ముందు మాత్రం ఆయన్ని అడగండి.

రేటు లెక్క

ఇక్కడ చాలామంది తమకు తెలియకుండానే నష్టపోతారు, కాబట్టి నిదానంగా లెక్క చూద్దాం. ఏ డబ్బులో అయినా లెక్క ఇదే. మీ గంట విలువ 100 అనుకున్నారు. వారానికి ఈ పనికి 10 గంటలు పెట్టగలరు. ఆ పదిలో మెయిల్స్ రాసుకోవడం, ఇన్‌వాయిస్‌లు, కొత్త టూల్ నేర్చుకోవడం, క్లయింట్‌తో మాట్లాడటం కలిపి 3 గంటలు పోతాయి. బిల్లు వేయగలిగేవి 7. పది గంటలకూ 100 చొప్పున రావాలంటే ఆ ఏడు గంటలకు 143 చొప్పున వేయాలి. ఇక ఫైవర్‌లాగా 20 శాతం కోసుకునే చోట అమ్ముతుంటే 143 చేతికి రావడానికి 179 పెట్టాలి. 20 శాతమే కదా అని 143కు 20 శాతం కలిపి 172 పెడితే చేతికి వచ్చేది దాదాపు 138, ఎందుకంటే వాళ్లు కోసేది మీరు పెట్టిన రేటులోంచి. అప్‌వర్క్‌లో రుసుము కాంట్రాక్టును బట్టి మారుతుంది, దరఖాస్తు పెట్టేటప్పుడే కనిపిస్తుంది, చూసి లెక్క వేసుకోండి.

గంటల లెక్కకంటే నెల ప్యాకేజీ మేలు, ముఖ్యంగా ఉద్యోగస్తులకు. గంటల లెక్కలో మీరు వేగంగా నేర్చుకునేకొద్దీ మీ సంపాదన తగ్గుతుంది, ఇదెక్కడి న్యాయం? ప్యాకేజీలో "నెలకు నాలుగు ఎపిసోడ్ల నోట్స్" అని పని మీద రేటు ఉంటుంది. గంటల ప్యాకేజీయే ఇవ్వాల్సి వస్తే, వారానికి 5 గంటలంటే నెలకు 20 అని నోరు జారకండి. ఏడాదికి 52 వారాలు, 12 నెలలు. నెలకు సగటున 4.33 వారాలు, అంటే దాదాపు 21.7 గంటలు. 20కే బిల్లు వేసి వారం వారం 5 గంటలు చేస్తే ఏడాదిలో 20 గంటలు ఉచితంగా చేసిపెట్టినట్టు, మీ లెక్కలో అది నాలుగు వారాల చాకిరీ. నెలకు 20 గంటలు అని రాస్తే 20 దగ్గర ఆగండి. మిగిలిపోయిన గంటలు వచ్చే నెలకు వెళ్తాయా, మురిగిపోతాయా అన్నది కూడా ముందే రాసుకోండి. ఎక్కువ గొడవలు అక్కడే వస్తాయి.

డబ్బు నెల మొదట్లో తీసుకోవడం ఈ పనిలో మామూలే, మొహమాటపడాల్సింది లేదు. దేశం దాటి వచ్చే డబ్బుకు పేపాల్, వైజ్, పేయోనీర్ లాంటివి ఉన్నాయి. రుసుము ఎంతో చూడటంతో ఆగకుండా, మారకం రేటులో ఎంత పోతోందో కూడా చూడండి. రుసుము కనిపిస్తుంది, రేటులో పోయేది కనిపించదు.

ఒప్పందం అంటే పది పేజీల లాయరు కాగితం అక్కర్లేదు. ఏ పని, ఎంత, ఎప్పుడు డబ్బు, మెయిల్‌కు ఎన్ని గంటల్లో జవాబు, మానుకోవాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, రహస్యాలు బయటికి పోవని హామీ. ఒక పేజీ మెయిల్‌లో రాసి, "ఇది మీకు సమ్మతమేనా?" అని అడిగి, "సరే" అన్న జవాబు దాచుకోండి. ఆమాత్రం రాత కూడా లేకుండా మొదలుపెట్టడం కంటే అది ఎంతో నయం.

దానికంటే ముందు చదవాల్సిన కాగితం ఇంకోటి ఉంది, మీ ఉద్యోగ ఒప్పందం. బయట పని చేయకూడదనో, చేయాలంటే ముందు అనుమతి కావాలనో అందులో ఉండొచ్చు. లేకపోయినా ఆఫీసు ల్యాప్‌టాప్, ఆఫీసు మెయిల్, ఆఫీసు టైము మాత్రం ముట్టుకోవద్దు, మీ ఆఫీసుకు పోటీగా ఉన్నవాళ్ల పని పట్టొద్దు. వచ్చే డబ్బును వేరే ఖాతాలో పెడితే పన్ను లెక్కల రోజున తల ప్రాణం తోకకు రాదు.

కొత్తవాళ్ల మీదే కన్ను

పని కావాలని రాసిన రోజే మోసగాళ్లకూ అది కనిపిస్తుంది. బాగా పాతదైనా ఇప్పటికీ పనిచేస్తున్న మోసం చెక్కుది. "మిమ్మల్ని తీసుకున్నాం, కంప్యూటర్ కొనుక్కోవడానికి చెక్కు పంపుతున్నాం, మిగిలింది మా సప్లయర్‌కు పంపండి" అంటారు. చెక్కు ఖాతాలో పడినట్టు కనిపిస్తుంది, మీరు మిగిలింది పంపేస్తారు. కొన్ని రోజులకో వారాలకో ఆ చెక్కు దొంగదని తేలి, బ్యాంకు ఆ మొత్తాన్ని మీ ఖాతాలోంచి వెనక్కి తీసుకుంటుంది. ఖాతాలో కనిపించడం వేరు, చెక్కు నిజంగా చెల్లడం వేరు. ఉద్యోగం ఇవ్వడానికి ముందు శిక్షణ రుసుము అడిగేవాళ్లు, మీ ఫ్రీలాన్స్ ఖాతాను అద్దెకివ్వమనేవాళ్లు కూడా ఇదే గూటి పక్షులు.

పని దొరికాక వచ్చే మోసం ఇంకా సూక్ష్మంగా ఉంటుంది, ఎందుకంటే అప్పుడు గురి మీరు కాదు, మీ చేతిలో ఉన్న ఇన్‌బాక్స్. క్లయింట్ పేరుతో ఒక మెయిల్ వస్తుంది: "మీటింగులో ఉన్నాను, అర్జెంటుగా గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపండి." లేదా క్లయింట్ నెలనెలా డబ్బు చెల్లించే సప్లయర్ పేరుతో: "మా బ్యాంకు ఖాతా మారింది, ఈ నెల నుంచి ఇక్కడికి పంపండి." పంపినవారి అడ్రసులో ఒక్క అక్షరం తేడా ఉంటుంది, హడావుడిలో కంటికి ఆనదు. ఒక్కోసారి ఆ తేడా కూడా ఉండదు, సప్లయర్ ఖాతానే చొరబాటుకు గురై ఉంటుంది. డబ్బు అడిగే, లేదా ఖాతా నంబరు మారిందనే ఏ మెయిల్‌కైనా, ముందు నుంచి మీ దగ్గరున్న ఫోన్ నంబరుకు కాల్ చేసి అడిగాకే కదలాలి. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు. ఇది మొదటి రోజే క్లయింట్‌తో మాట్లాడుకుని పెట్టుకోండి, "ఇలాంటివి వస్తే నేను మిమ్మల్ని అడగకుండా ముట్టుకోను" అని. మీ ఖాతాకు రెండంచెల లాగిన్ కూడా అదే రోజు పెట్టేయండి.

మొదటి నెల అయ్యాక క్లయింట్‌కు నాలుగు లైన్లు రాయడం అలవాటు చేసుకోండి: ఈ నెల ఏం చేశాను, ఏది ఆలస్యమైంది, ఎందుకు, వచ్చే నెల ఏం చేస్తాను. గొప్పలు వద్దు. ఆలస్యమైన దాన్ని మీరే చెప్పడం ముఖ్యం, ఆయన కనుక్కునేదాకా ఆగితే మిగతా మూడు లైన్లూ వృథా. రెండో నెలలోనో మూడో నెలలోనో ఒక మెసేజ్ వస్తుంది: "ఇది కూడా మీరే చూస్తారా?" తరచుగా అది అతిథులకు పంపే మెయిల్స్ గురించో, డేట్లు కుదర్చడం గురించో ఉంటుంది. వెంటనే సరే అనొద్దు. అది గడియారం పనా, గడువు పనా అని ఒకసారి చూడండి. ప్యాకేజీలో లేని పని కాబట్టి కొత్త రేటు రాసి పంపండి. రెండూ కుదిరాయా, అప్పుడు జీమెయిల్ సెట్టింగ్స్ తెరిచి మీ అడ్రస్ చేర్చమని చెప్పొచ్చు. మరుసటి రోజు దాకా ఇన్‌బాక్స్ కనిపించకపోతే కంగారు పడొద్దని కూడా ఆ మెసేజ్‌లోనే రాయండి.